ఇరవయ్యెనిమిది దినాల నెల

శనివారం పొద్దున పని మొదలవకముందే నందీష్ గేటు పక్కనున్న రాతిగుండు ఎక్కి నిలబడ్డాడు. రాయి ఎక్కితే తప్ప వాడు మనిషిగా లెక్కకు రాడని గంగక్క అభిప్రాయం. సోలారు పార్కులో ప్లేట్లు కడిగే ఆడవాళ్ల గుంపుకు వాడు సూపర్‌వైజరు. ఇరవయ్యారేళ్లుంటాయి. పొద్దు ఇంకా సరిగ్గా పొడవనే లేదు, అప్పటికే కళ్లకు నల్లద్దాలు తగిలించుకున్నాడు.

“ఎల్లుండి కాదు, ఆపై సోమారం ఒకటో తారీకు,” అన్నాడు గొంతు పెంచి. “ఆ దినం నుంచి బుక్కులో వేలిముద్రలు ఉండవు. హాజరి అంతా యాప్‌లోనే. గేటుకాడ నిలబడి ఎవురి ఫోన్లో వాళ్లు మొగం ఫోటో తీసుకొని పంపల్ల. స్మార్ట్ ఫోను లేనోళ్లకి హాజరి లే. హాజరి లేనోళ్లకి కూలి లే. కంపెనీ రూలు.”

పంతొమ్మిది మంది ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలాంటి ఫోను వాళ్లలో నలుగురికే ఉంది. మిగిలినవాళ్ల ఇళ్లలో ఉన్నది మీటలు నొక్కే ఫోను, అదీ మొగుడి జేబులో.

“దినామూ మా మొగాలు చూస్తానే ఉండావు గదప్పా నందీశా,” అంది గంగక్క. “మళ్ల ఫోటోలు ఏంటికి? కంపెనీవోళ్లు మాకేమన్నా సంబంధాలు చూస్తాండారా?”

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది సుబ్బక్క. ఆమె ఎప్పుడూ అంతే, గంగక్క నోరు తెరిస్తే నవ్వడానికి సిద్ధంగా ఉంటుంది.

నందీష్ నవ్వలేదు. “ఎకసెక్కాలు కంపెనీవోళ్ల కాడ ఆడుకో అక్కా. నేను చెప్పేది చెప్పినా. పావగడలో బస్టాండు వెనకాల అమరనాథ్ అంగడి ఉండాది. నా పేరు చెప్పండి, రెండు నూర్లు తగ్గిస్తాడు. ఏడు వేల ఐదునూర్లకి వస్తాది.”

అంగడివాడు రెండు వందలు తగ్గించడానికి మధ్యలో నందీష్ పేరెందుకో గంగక్కకు వెంటనే అర్థమైంది. ఎంగిలి చేత్తో కాకిని తోలని ఇంట్లో పుట్టినవాడు ఊరికే ఒకరికి మేలు చేస్తాడా? వాడి తాతనూ తండ్రినీ చూసిన మనిషి ఆమె. వాడు గోచీ లేకుండా తిరిగిన రోజులూ చూసింది. అలాంటివాడు తనకు రూలు చెబుతుంటే ఆమెకు ఒళ్లు మండింది. అయినా రెండేళ్లుగా చేతికి అలవాటైన పని, వారం వారం ముట్టే కూలి. ఆ మంటను మింగి కుంచె కర్ర అందుకుంది.

ప్లేట్లు కడగడం చల్లపొద్దులోనే అయిపోవాలి. ఎండెక్కితే గాజు కాలుతుంది. కాలిన గాజు మీద చన్నీళ్లు పడితే పగుళ్లొస్తాయి. అందుకని ఆరుకే ట్యాంకరు వచ్చి నిలబడుతుంది. ఇద్దరిద్దరు జతగా కదులుతారు. ఒకరు పైపు పట్టి పైనుంచి కిందికి నీళ్లు వదులుతారు, రెండోవారు రెండు నిలువుల పొడవున్న కర్రకు బిగించిన మెత్తటి కుంచెతో దుమ్ము లాగుతారు. పైపు పట్టినవాళ్లు తొందరపడితే దుమ్ము బురదై అద్దానికి అంటుకుంటుంది. ఆలస్యం చేస్తే కుంచె ఎండి గీతలు పడతాయి. గంగక్క కుంచె లాగే వేగం సుబ్బక్కకు తెలుసు, సుబ్బక్క నీళ్లు వదిలే వాటం గంగక్కకు తెలుసు. రెండేళ్లలో ఇద్దరూ జత మార్చుకోలేదు.

గంగక్కకు ఈ ప్లేట్ల కిందే మూడెకరాలు ఉంది. కంపెనీ నుంచి ఏటేటా గుత్త డబ్బు వస్తుంది. ఒకప్పుడు శనక్కాయలు పెరికిన చేలోనే ఇప్పుడు కూలికి అద్దాలు తుడవడం ఆమెకు పరువు తక్కువగా ఉండేది గానీ, ఊరికే కూర్చుంటే ఇంకా తక్కువగా ఉండేది. సుబ్బక్కకు భూమి లేదు కాబట్టి గుత్తా లేదు. మొగుడు పోయాడు. ఆమెకున్నదల్లా ఈ కూలి, ఇంటి ముందు గుంజకు కట్టేసిన ఒక గొర్రె. అది మూణ్నెల్ల చూలు. రెండేళ్లలో దాన్ని నాలుగు చేసి ఈ ప్లేట్ల పని మానేస్తానని సుబ్బక్క రోజూ చెబుతుంది.

“ఏం చేస్తామక్కా మళ్ల?” అని అడిగింది సుబ్బక్క, పైపు కొంచెం వంచి. “కొనేదా?”

“కొనేదేంటికే? నాలుగు దినాలు చూడు. ఈ నా బట్ట కంపెనీవోళ్లకి ఏ దినం ఏ పిచ్చి లేస్తాదో ఎవురికి తెల్సు.”

అలా అందిగానీ, ఇంటికెళ్లాక గంగక్క పెట్టెలోంచి ఎనిమిది వేలు తీసి కొంగున కట్టి చూసుకుంది. పని పోగొట్టుకోవడం ఆమెకూ ఇష్టం లేదు.

*

ఆదివారం ఇద్దరూ బస్సెక్కి పావగడ వెళ్లారు. బస్సులో నలభై మంది ఉంటే ముప్పై తలలు ఫోన్ల మీదికి వంగి ఉన్నాయి. గంగక్క వాళ్లను పేలు చూసుకునే కోతుల్ని చూసినట్టు చూసింది. ఆమె ముందు సీటులో ఒక పెద్దమనిషి, అరవై దాటినవాడు, ఫోన్లో ఎవతో ఆడది గుండ్రంగా తిరుగుతుంటే కన్నార్పకుండా చూస్తున్నాడు. ఆ పక్కనే అతని పెళ్లాం కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.

“చూడే, చూడు,” అని సుబ్బక్కను మోచేత్తో పొడిచింది. “దీనికి ఏడు వేల ఐదునూర్లు.”

అమరనాథ్ అంగడి నాలుగడుగుల వెడల్పు లేదు. నందీష్ పేరు చెప్పగానే అతను రెండు స్టూళ్లు తుడిచి వేశాడు. పలకలాంటి నల్ల ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. సుబ్బక్క దాన్ని ముట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది.

“ఇది ఒక తూరి కొంటే అయిపోతాది గదా?” అంది గంగక్క.

“ఫోను ఒక తూరేనమ్మా. నెట్టు మాత్రం నెల నెలా వేయించుకోవల్ల. మూడు నూర్లు అనుకోండి. ఇరవయ్యెనిమిది దినాలు వస్తాది.”

“నెల అంటివి గదప్పా. నెలకి ముప్పై దినాలు గదా?”

“కంపెనీ నెల ఇరవయ్యెనిమిది దినాలే.”

గంగక్క వేళ్లు మడిచి కాసేపు లెక్క చూసుకుంది. “అట్లయితే ఏడాదికి పదమూడు నెలలు పడతాయి. సరేగానీ, ఆ పదమూడో నెలకి పేరేం పెట్టినారు? ఉగాదికి ముందా, ఎనకా?”

అంగట్లో ఉన్న కుర్రాళ్లిద్దరు నవ్వారు. అమరనాథ్ కూడా నవ్వాడు. ఆ కాసేపూ అంగడి గంగక్కదే. తరువాత అతను ఫోను తెరిచి, మొహం ఫోటో ఎలా తీసుకోవాలో చూపించి సుబ్బక్క చేతికిచ్చాడు. సుబ్బక్క చీర కొంగుకు వేలు తుడుచుకుని, దాన్ని మొహం ముందు నిటారుగా పట్టుకుని, తెల్లటి గుండ్రాన్ని తాకింది. మొదటిసారే బొమ్మ పడింది. ఆమె తన మొహాన్ని తానే ఎవరో చుట్టం ఇంటికొచ్చినట్టు చూసుకుంది.

గంగక్క వంతు వచ్చింది. ఆమె వేలు తాకితే గాజు పలకలేదు. సున్నంలా పగిలిన వేళ్లు, రెండేళ్ల నీళ్ల పని తిన్న చర్మం. గట్టిగా పొడిచింది. ఫోను జారి, పట్టుకునేసరికి ఫోటో పడింది గానీ అందులో ఆమె లేదు. పైనున్న ఫ్యానూ, దానికి పట్టిన బూజూ ఉన్నాయి.

కుర్రాళ్లు మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు వేరు. దానికి తోడు సుబ్బక్క కూడా నవ్వేసింది. “నీకి రాదులే అక్కా,” అంది నవ్వుతూనే. “నీ ఫోటో దినామూ నేనే తీసిస్తాలే.”

ఆ మాటలో చెడు ఏమీ లేదు. గంగక్కకు అది తెలుసు కూడా. అయినా రెండేళ్లుగా తను మాట్లాడితే నవ్విన మనిషి, ఇవాళ ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లతో కలిసి తనను చూసి నవ్వింది. గుత్త భూమి లేని సుబ్బక్క. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమె సిగ్గుపడలేదు. ఫోను బల్ల మీద పెట్టి లేచింది.

“మాకి వద్దప్పా. ఫ్యానుకి హాజరి వేసుకోమను మీ నందీశుని.”

సుబ్బక్క కూడా లేచింది. ఆమె దగ్గర ఎలాగూ డబ్బు లేదు. అయినా గడప దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి ఆ నల్ల పలకను చూసింది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు గంగక్క కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది.

*

మంగళవారం గంగక్క పార్కులోనే తిరుమణి వైపు బ్లాకుకు పనికి వెళ్లింది. అది ముయ్యి. ఆషాఢంలో ఆమెకు జ్వరమొచ్చి వారం పడిపోతే, వదిన రామలక్ష్మమ్మ తిరుమణి నుంచి వచ్చి ఆమె బదులు మూడు రోజులు ప్లేట్లు కడిగింది. ఇప్పుడు రామలక్ష్మమ్మ తల్లిని కంటి ఆపరేషనుకు తీసుకెళ్లాలి. ఆమె బదులు గంగక్క నిలబడాలి. పొలాలున్న రోజుల్లో కలుపుకూ కోతకూ ఇలాగే ఒకరి పనికి ఒకరు ముయ్యికి వెళ్లేవారు. పొలాలు పోయినా ముయ్యి పోలేదు. కంపెనీవాళ్లకు ఈ సంగతి తెలియదు. చెప్పినా అర్థం కాదని ఎవరూ చెప్పలేదు.

అక్కడి గుంపుకు సూపర్‌వైజరు శిల్పశ్రీ అనే అమ్మాయి. డిప్లొమా చదివింది. రాయెక్కదు, నల్లద్దాలు పెట్టదు. ఆరు గంటలకు ఆడవాళ్లందరినీ గేటు ముందు రెండు వరసల్లో నిలబెట్టి, తన ఫోను ఎత్తి రెండు ఫోటోలు తీసింది. తరువాత పేర్లు చదువుతూ ఒక్కొక్కదాన్నీ వేలితో తాకింది. రామలక్ష్మమ్మ అన్నప్పుడు గంగక్క “ఊఁ” అంది. శిల్పశ్రీ తల ఎత్తి చూసి, ఆ పేరును కూడా తాకింది. అయిదు నిమిషాల్లో హాజరు అయిపోయింది.

గంగక్క కదల్లేదు. “ఏమ్మా, ఈళ్ల ఫోన్లు యాడ?” అని అడిగింది.

“ఎవరి ఫోన్లు?”

“ఈళ్లవి. ఎవురి ఫోటో వాళ్లే తీసుకోవల్లంట గదా, యాప్‌లో. స్మార్ట్ ఫోను లేకుంటే పని లేదంట గదా.”

శిల్పశ్రీ ఆశ్చర్యపోయింది. “ఎవరు చెప్పినారు మీకి? ఫోన్ ఇరోదు నమగే అమ్మా, ఫోను ఉండేది మాకే, సూపర్‌వైజర్లకి. కంపెనీనే ఇచ్చింది. ఇదో, దీంట్లో గుంపు అని ఉంది, ఇది నొక్కితే అందరికీ ఒకటే సారి. మేము పోయిన నెల నుంచే చేస్తాండాము. మీ ఆ పక్క బ్లాకుకి ఒకటో తారీకు నుంచి అంట.”

“అందరికీ ఇదే రూలా?”

“కాంట్రాక్టరు ఒకడే, యాప్ ఒకటే. రూలు రెండు ఎట్లుంటాయి?”

గంగక్క ఆ రోజు తిరుమణిలో ఎన్ని వరసలు కడిగిందో ఆమెకే తెలియదు. కుంచె దానంతటదే నడిచింది. లోపల ఆమె సంబరపడిపోయింది. దొంగ నా బట్ట! కంపెనీ ఇచ్చిన ఫోను జేబులో పెట్టుకుని, పదిహేను మంది కూలివాళ్ల చేత ఫోన్లు కొనిపించి, అంగడివాడి దగ్గర వాటా తింటున్నాడు. వాడి రాయి, వాడి నల్లద్దాలు, వాడి రూలు! ఒకటో తారీకు రానీ. అందరి ముందూ నిలబెట్టి వాడి గాలి తీస్తుంది. “నాకి రాదు” అన్నారు కదా, ఎవరికి ఏం వచ్చునో చూస్తారు.

సాయంత్రం ఇంటికొచ్చి మొగుడు నారప్పకు చెప్పింది. నారప్ప మేకలకు కొమ్మలు వేస్తూ అంతా విన్నాడు.

“మళ్ల అందరికీ చెప్పినావా?”

“ఇప్పుడే చెప్తే వాడు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటాడు. సోమారం గేటుకాడ చెప్తా. అప్పుడు చూడు మొగం.”

“అంతలోపల ఎవురన్నా కొంటే?”

“కొంటే కొననీ. పిచ్చోళ్లకి పిచ్చి కుదరల్ల గదా,” అంది గంగక్క. నారప్ప ఏ మాటా రెండోసారి అనే మనిషి కాదు. ఆ సుగుణాన్ని గంగక్క ముప్పై ఏళ్లుగా చేతకానితనం కిందే జమ వేసింది.

*

బుధవారం పని దగ్గర ఏడుగురు కొత్త ఫోన్లతో వచ్చారు. తిండి వేళకు అందరూ వాటి చుట్టూ చేరారు. ఒకామె దేవుడి పాట పెట్టింది, ఇంకొకామె తన కాళ్ల ఫోటో తీసుకుంది. గంగక్క దూరంగా ప్లేటు నీడన కూర్చుని రాగిముద్ద తింటూ వాళ్లను చూసి లోలోపల నవ్వుకుంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేం. నందీష్ అటు వచ్చినప్పుడల్లా ఆమె వాడికేసి చూసి నవ్వుతోంది. వాడికి అర్థం కాక అద్దాలు సర్దుకున్నాడు.

సుబ్బక్క తన గిన్నె తెచ్చుకుని వచ్చి పక్కన కూర్చుంది.

“అక్కా, ఒక మాట అడుగుతా.”

“అడుగు.”

“వెంకటమ్మనహళ్లి రామాంజినప్ప మా ఇంటికాడికి వచ్చి గొర్రెని చూసి పాయె. ఎనిమిది వేలకి అడుగుతాండాడు. చూలుదానికి అది తక్కువ. ఈనేదాకా ఉంచితే పిల్లతో కలిసి పదహైదు పలుకుతాది. అయినా సోమారం లోపల ఫోను లేకుంటే పని పోతాది. పని పోతే గొర్రె ఉండి ఏం చేసేది?” ఆమె ముద్ద తుంచింది గానీ నోట్లో పెట్టుకోలేదు. “నువ్వు కొన్లేదు. నీ ఇంట్లో దుడ్డు ఉండి కూడా నువ్వు కొనల్యా. నువ్వు ఏమీ తెల్వకుండా చేసేదానివి కాదు. అమ్మేదా, వద్దా? నువ్వెట్ల చెప్తే అట్ల చేస్తా.”

చెప్పాల్సిన మాట గంగక్క నాలుక మీదికి వచ్చింది. రెండు మాటలు చాలు. అమ్మొద్దు, వాడు దొంగ. అయితే అంగట్లోని ఆ నవ్వు కూడా అక్కడే ఉంది. పైగా ఇప్పుడు చెబితే సుబ్బక్క నోరు ఆగదు. సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, నందీష్ సర్దుకుంటాడు, సోమవారం ముచ్చట కాస్తా చప్పబడిపోతుంది. నాలుగు రోజులు ఆగితే ఏమవుతుంది? నిజంగా అమ్ముతుందా ఏంది? అమ్మేది ఉంటే అడగకుండానే అమ్మేది. గంగక్క ఇవన్నీ ఒక్క గుక్కలో ఆలోచించింది.

“నన్నేంటికి అడిగేదమ్మీ?” అంది నీళ్లు తాగి. “నీ గొర్రె, నీ ఇష్టం. నాకి ఫోను సంగతులు రావు గదా.”

సుబ్బక్క ఆమె మొహంలోకి చూసింది. “దాన్ని మనసులో పెట్టుకున్నావా అక్కా? ఏదో నోరు జారి అంటిని.”

“నేనేం పెట్టుకోల్యా. పైపు తీసుకో, పొద్దెక్కతాంది.”

గురువారం సాయంత్రం గంగక్క నీళ్ల బిందెతో వస్తుంటే సుబ్బక్క ఇంటి ముందు లగేజి ఆటో ఆగి ఉంది. రామాంజినప్ప గొర్రె నడుం మీద బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. అది కాళ్లు నేలకు తన్నిపెట్టి కదలనంటోంది. సుబ్బక్క దాని ముందు నిలబడి గుప్పెడు ఆకు చూపిస్తూ, వెనక్కి అడుగులు వేస్తూ, తనే దాన్ని ఆటో దాకా నడిపించింది. ఎక్కించేటప్పుడు “కడుపు కాడ చెయ్యి వెయ్యాకు అన్నా, చూలుది,” అని చెప్పింది. రామాంజినప్ప నోట్లు ఇచ్చాడు.

గంగక్క బిందె దించలేదు. దించితే మాట్లాడాలి. ఇంకా ఆటో బయలుదేరలేదు, ఇంకా ఒక్క మాట చాలు. కానీ రెండు రోజులు దాచిన మాటను ఇప్పుడు చెబితే, ఎప్పుడు తెలుసని అడుగుతారు. ఆ ప్రశ్న తలుచుకుని ఆమె అడుగు వేగం పెంచింది. నీళ్లు ఒలికి భుజం తడిసింది. ఇంట్లోకి వచ్చి, ఈ కూలివాళ్లకు బుద్ధి లేదనీ, ఎవడు ఏం చెప్పినా గొర్రెల్లా నమ్ముతారనీ నారప్పను అరగంట తిట్టింది.

*

సోమవారం గేటు దగ్గర తిరునాళ్లలా ఉంది. పదిహేడు మంది చేతుల్లో పదిహేడు ఫోన్లు. ఒకామె పనే మానేసింది. ఫోనుకు డబ్బు లేదు, అడగడానికి మనిషి లేదు, ఇంట్లోనే ఉండిపోయింది. నందీష్ గుండు దిగి అందరి మధ్యా తిరుగుతున్నాడు. ఇలా పట్టుకో, అలా నొక్కు అంటూ ఒక్కొక్కరి చెయ్యీ సరిచేస్తున్నాడు. సుబ్బక్క ఫోటో మొదటిసారే పడింది. ఫోను మళ్లీ గుడ్డలో చుట్టి రవికలో పెట్టుకుంది.

గంగక్క అందరినీ కానిచ్చింది. చివర్న నందీష్ ఎదురుగా వెళ్లి నిలబడింది.

“నా ఫోటో తియ్యప్పా.”

“నీ ఫోను యాడక్కా?”

“నాది ఏంటికి? కంపెనీ నీకి ఇచ్చింది లే, ఆ ఫోను తియ్యి. దాంట్లో గుంపు అని ఒకటి ఉండాది, దాన్ని నొక్కు. తిరుమణి పక్క శిల్పశ్రీ మేడం అందరికీ ఒకటే ఫోన్లో తీస్తాది. నా కండ్లారా చూసినా. నువ్వు తీస్తావా, ఆఫీసుకి పోయి ఆడ తీయించుకునేదా?”

నందీష్ నల్లద్దాలు తీశాడు. తీస్తే తెలిసింది, వాడివి చిన్న కళ్లు, నిద్రలేని కళ్లు. జేబులోంచి ఫోను తీసి, ఆమె మొహానికి ఎదురుగా పట్టి నొక్కాడు. టింగ్‌మంది. గంగక్క జీవితంలో అంత తీపి శబ్దం వినలేదు.

ఆమె అందరివైపూ తిరిగింది. “చూసినారా? ఫోన్లంట, రూలంట! ఈని మాట విని ఏడేసి వేలు పోసిరి. నాకి రాదంటిరి గదా. నేను మంగళారమే చూసినా తిరుమణి కాడ.”

ఒక్కసారిగా గోల లేచింది. ఆడవాళ్లు నందీష్‌ను చుట్టుముట్టారు. నా తాళిగుండ్లు కుదువ పెడితినని ఒకామె, మా ఆయన చేత తన్నులు తింటినని ఒకామె. ఒకామె ఫోను తీసి వాడి రొమ్ము మీదికి విసరబోయి, ఖరీదు గుర్తొచ్చి ఆగింది. నందీష్ రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగాడు. గంగక్క నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది. అయిపోయాడు, ఇంక వాడు ఈ ఊళ్లో తలెత్తడు అనుకుంది.

వాడు అయిపోలేదు. వెనక్కి జరిగినవాడు గుండుకు తగిలి ఆగాడు.

“సరేప్పా, నేను తప్పు చెప్పినా. నాకి పైనోళ్లు సరిగా చెప్పల్యా. నేను ఆ శనివారం చెప్పినప్పటికి నాకే తెల్దు,” అన్నాడు అబద్ధాన్ని నమిలి. తరువాత గంగక్క వైపు చూశాడు. “గంగక్కకి మంగళారమే తెల్సంట. మీ మనిషే గదా, మీతో కూచొని తినే మనిషే గదా. ఆమె ఏంటికి చెప్పల్యా? మంగళారం చెప్పింటే ఎంతమంది కొనకుండా ఉంటిరి?”

ఆడవాళ్ల గోల తగ్గింది. వాళ్లు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. మంగళవారం తరువాత కొన్నవాళ్లు ఆరుగురున్నారు. ఒకరొకరుగా తలలు గంగక్క వైపు తిరిగాయి.

“అవునక్కా?” అంది తాళిగుండ్లు కుదువ పెట్టినామె. “నేను శనివారం కొంటిని గదా. శుక్రవారం నీ పక్కనే గడ్డి కోస్తిని గదా.”

గంగక్క ఏదో అంది. అప్పుడే చెబితే ఈ దొంగ తప్పించుకునేవాడని చెప్పింది. దొంగ ఎదురుగానే నిలబడి తప్పించుకుంటున్నాడు. ఎవరో తూ అన్నారు. ఎవరి వైపు తిరిగి అన్నారో ఆమె చూడలేదు. నందీష్ నల్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

“మీరు మీరు చూసుకోండి. నీళ్లు వచ్చినాయి, పనికి పదండి.”

ఆమె సుబ్బక్క కోసం చూసింది. సుబ్బక్క ఆ గోలలో లేదు. ఎప్పుడు వెళ్లిందో, ట్యాంకరు దగ్గర పైపు చుట్ట విప్పుతోంది.

జత మార్చుకుంటుందనుకుంది గంగక్క. మార్చుకోలేదు. ఎప్పటిలాగే వరస మొదట్లో పైపు పట్టుకుని నిలబడింది. నీళ్లు వదిలింది. తొందరపడలేదు, ఆలస్యం చేయలేదు. కుంచెకు ఎంత కావాలో అంతే నీళ్లు, ఎప్పుడు కావాలో అప్పుడే. నలభై ప్లేట్లు అలాగే కడిగారు. సుబ్బక్క తిట్టి ఉంటే గంగక్క దగ్గర జవాబులున్నాయి. నువ్వు అంగట్లో నవ్వలేదా అనేది ఒకటి, నీ బుద్ధి ఏమైందనేది ఇంకొకటి. పొద్దుటి నుంచీ అవి నోట్లోనే నానుతున్నాయి.

ఎనిమిది గంటలకు ట్యాంకరు ఖాళీ అయింది. రెండోది వచ్చేదాకా ప్లేటు నీడన కూర్చున్నారు. సుబ్బక్క రవికలోంచి ఫోను తీసి, గుడ్డ విప్పి, తడి తగిలిందేమో చూసి, మళ్లీ చుట్టింది.

గంగక్క ఇక పట్టలేకపోయింది. “అమరనాథ్ కాడికి పోదాం,” అంది. “వాపసు తీసుకోమని అడుగుదాం. తీసుకోకుంటే నేను గొడవ చేస్తా. రామాంజినప్ప కాడికీ పోదాం. నా కాడ ఎనిమిది వేలు ఉండాది, గొర్రెని ఇడిపిద్దాం.”

“అది శుక్రవారమే లారీ ఎక్కిందంట. నిన్న అడిగితి.”

“ఇంగొకటి కొందాం. నేనిస్తా.”

సుబ్బక్క గుడ్డ ముడి బిగించింది.

“అంతా ఆ నందీశు నా బట్ట వల్ల,” అంది గంగక్క. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. “మోసగాడు. వాని మోసం కాదా ఇదంతా? నన్ను చూస్తావేమే, నేనేం చేస్తిని?”

సుబ్బక్క ఫోను రవికలో పెట్టుకుంది. కోపం లేదు ఆమె మొహంలో. ఏదో చిన్న లెక్క అప్పచెబుతున్నట్టు చెప్పింది.

“వాడు మోసగాడని ఊరంతటికీ తెల్సు గదక్కా. అందుకే వాన్ని నేనేమీ అడగల్యా. నిన్ను అడిగితి.”

దారి మలుపులో రెండో ట్యాంకరు హారను కొట్టింది. సుబ్బక్క లేచి చీర దులుపుకుని పైపు అందుకుంది. గంగక్క కుంచె కర్ర కోసం చెయ్యి చాపింది గానీ, లేవడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.